ప్రధానోపాధ్యాయుల బడలిక

పాఠశాల గంట మ్రోగక మునుపే ప్రధానోపాధ్యాయుల పని ఆరంభమగును. మధ్యాహ్న భోజనపు లెక్కలు, హాజరు పట్టికలు, పై అధికారులకు నివేదికలు, తల్లిదండ్రుల ఫిర్యాదులు అన్నియు వారి బల్లమీదికే చేరును.

సెలవునాటి విశ్రాంతితోను తీరని బడలిక, పనియెడ విముఖత, తమవలన ఏమియు కాదను నిరుత్సాహము కూడి కనిపించినచో ఉపేక్షింపరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనిని రోగముగా గాక, అదుపుచేయని దీర్ఘకాలపు పని ఒత్తిడివలన కలుగు స్థితిగా పేర్కొన్నది. కావున ఇది వ్యక్తి దౌర్బల్యము కాదు. పని ఏర్పాటును సరిదిద్దవలెనను హెచ్చరిక.

విశ్రాంతి ఒక్కటియే చాలదు. భారమును సహోపాధ్యాయులపైకి త్రోయుటయు పరిష్కారము కాదు. ఒకే వివరమును పలుమార్లు కోరు నివేదికలను అధికారులు తగ్గింపవలెను. లెక్కలు వ్రాయుటకు గుమాస్తాను ఇయ్యవలెను. నిద్ర పట్టనిచో, దిగులు వీడనిచో 14416 సంఖ్యకు టెలిఫోను చేసి, టెలి మానస్ సలహాదారులతో తెలుగులోనే ఉచితముగా మాట్లాడవచ్చును.