ఆడకుక్కలకు మందు వదిలే యోని పరికరాలు: రూపకల్పన రంగంలోకి దారి

ఆడకుక్క యోనిలో అమర్చితే రోజుల తరబడి కొద్దికొద్దిగా మందు వదిలే పరికరం తయారు కావాలంటే పశువైద్యం, ఔషధ తయారీ, పాలిమర్ శాస్త్రం మూడూ కలవాలి. ఆవుల్లో ఈ పద్ధతి ఎన్నడో స్థిరపడింది. మందలోని ఆవులన్నీ ఒకేసారి ఎదకు రావడానికి వాడే సీఐడీఆర్ అనే పరికరం 'టి' ఆకారంలో ఉంటుంది. నైలాన్ కడ్డీ మీద ప్రొజెస్టరాన్ కలిపిన సిలికాన్ తొడుగు ఉంటుంది. అమెరికాలో అమ్మే రకంలో ఈ హార్మోన్ 1.38 గ్రాములు. రెక్కలు లోపల విచ్చుకుని పరికరాన్ని నిలబెడతాయి, బయటికి వేలాడే తోకను లాగితే వచ్చేస్తుంది.

దాన్నే చిన్నది చేసి కుక్కకు పెట్టేద్దామంటే కుదరదు. మొదటి అడ్డంకి హార్మోనే. ప్రొజెస్టరాన్ తరహా మందుల ప్రభావం ఎక్కువ కాలం ఉంటే కుక్క గర్భాశయపు లోపలి పొర మందమై, తిత్తులు ఏర్పడి, చివరికి చీము పట్టే ప్రమాదం ఉంది. పయోమెట్రా అనే ఈ జబ్బు ప్రాణాంతకం. శరీర నిర్మాణమూ వేరే. కుక్కలో దారి మొదట పైకి ఏటవాలుగా వెళ్లి ఆ తర్వాత ముందుకు తిరుగుతుంది. మూత్రనాళం అడుగు వైపున తెరుచుకుంటుంది కాబట్టి పరికరం దాన్ని నొక్కకూడదు. తోక బయట వేలాడితే కుక్క నాకి, కొరికి లాగేస్తుంది. రెండు కిలోల చివావాకూ అరవై కిలోల మాస్టిఫ్‌కూ ఒకే కొలత సరిపోదు. పైగా ఎద సమయంలో యోని లోపలి కణాల వరసలు బాగా పెరిగి గట్టిపడతాయి. అంటే మందు ఒంటికి పట్టే తీరు ఎద దశను బట్టి మారిపోతుంది. పాలిమర్ ఎంపిక తర్వాతి మాట, ముందు నేర్వాల్సింది కుక్క శరీరాన్నే.

ఇందులో వాడదగిన మందులు ఏవి? పయోమెట్రా చికిత్సలో గర్భాశయ ముఖం తెరుచుకోవడానికి మిసోప్రోస్టాల్‌ను యోనిలో పెట్టే పద్ధతి ఉంది. మనుషుల్లో ఇందుకు పోలిక ఉంది: స్త్రీలకు కాన్పు మొదలవడానికి పెట్టే హైడ్రోజెల్ పరికరంలో 10 మిల్లీగ్రాముల డైనోప్రోస్టోన్ ఉండి గంటల తరబడి విడుదలవుతుంది. యోని వాపుకు వాడే మందులనూ ఈ దారిలో పరిశీలించవచ్చు. మందు పాలిమర్ అంతటా కలిసి ఉంటే మొదట ఎక్కువగా, పోనుపోను తక్కువగా వస్తుంది. మధ్యలో నిల్వ ఉంచి చుట్టూ పొర వేస్తే దాదాపు ఒకే వేగంతో వస్తుంది. ప్రయోగశాలలో ఈ విడుదల వేగాన్ని కుక్క ఒంటి వేడికి సమానంగా, 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచిన ద్రావణంలో పరీక్షించాలి.

ఈ రంగంలోకి రావాలనుకునే హైదరాబాద్ పాతబస్తీ విద్యార్థులకు రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల దూరమేమీ కాదు. ఇంటర్ బైపీసీ తర్వాత బీవీఎస్సీ అండ్ ఏహెచ్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. ఆపై ఎంవీఎస్సీలో పశు ప్రసూతి శాస్త్రం గానీ ఫార్మకాలజీ గానీ తీసుకోవాలి. ఫార్మసీ వైపు నుంచి వచ్చేవారికి నాలుగేళ్ల బీఫార్మసీ, జీప్యాట్ ప్రవేశ పరీక్ష ర్యాంకుతో ఎంఫార్మసీ ఫార్మస్యూటిక్స్ ఉన్నాయి. బాలానగర్‌లోని ఔషధ విద్యాసంస్థ నైపర్‌లో ప్రవేశానికి నైపర్ జేఈఈ రాయాలి. పాలిమర్ల మీద ఆసక్తి ఉన్నవారికి చర్లపల్లిలో పాలిమర్ విద్యాసంస్థ సిపెట్ ఉంది.

కుక్కల మీద ప్రయోగం చేయాలంటే సంస్థలోని నైతిక కమిటీ అనుమతి ఒక్కటే చాలదు, కేంద్ర స్థాయిలో జంతు ప్రయోగాలను పర్యవేక్షించే సీసీఎస్ఈఏ కమిటీ ఆమోదం కూడా కావాలి. వీధికుక్కల సంఖ్య తగ్గించడానికి ఈ పరికరాలు ప్రత్యామ్నాయమని అనుకోరాదు. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం ఆ పని శస్త్రచికిత్సతో, టీకాతో సాగుతుంది. చూడీబజార్‌లోని జంతు జనన నియంత్రణ కేంద్రం లాంటి చోట్ల జరిగేది అదే.

'కుక్కల యోని పరికరాల రూపకర్త' అనే పేరుతో ఉద్యోగ ప్రకటన వెలువడుతుందని ఎదురుచూడకూడదు. ఫార్ములేషన్ సైంటిస్టు, వెటర్నరీ క్లినికల్ రీసెర్చ్, రెగ్యులేటరీ ఉద్యోగాల ద్వారానే ఇందులోకి చేరుకుంటారు. గచ్చిబౌలిలోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్, జీనోమ్ వ్యాలీలోని పరిశోధన సంస్థలు నగరంలో, దాని చుట్టుపక్కలే ఉన్నాయి. వాటికి దరఖాస్తు చేసేటప్పుడు ఒక పాలిమర్ నమూనాను స్వయంగా తయారుచేసి, మందు విడుదల గ్రాఫుతో సహా చూపగలిగిన విద్యార్థికి ఇంటర్వ్యూలో చెప్పడానికి గట్టి విషయం ఉంటుంది.