బర్మాలోని కోరంగీలు, చెట్టియార్లు: ఆర్థిక సాంఘిక స్థితుల తులనాత్మక పరిశీలన

పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధము మొదలు 1942 వరకు బంగాళాఖాతమును దాటి బర్మాకు, అనగా నేటి మయన్మారుకు, పోయిన దక్షిణ భారతీయులలో రెండు సముదాయములు ప్రత్యేకముగ పేర్కొనదగినవి. మొదటిది గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలములనుండి పోయిన తెలుగు శ్రామికులు. రెండవది రామనాథపురము మండలములోను, పుదుక్కోట సంస్థానములోను వ్యాపించిన చెట్టినాడు నుండి పోయిన నాట్టుకోట్టై చెట్టియార్లు. ఉభయులును మద్రాసు రాజధానివారే. ఉభయుల మాతృభాషలును ద్రావిడ కుటుంబములోనివే. ఒకే ప్రభుత్వము క్రింద, ఒకే కాలమున, ఒకే రేవున దిగినవారే. అయినను 1937 నాటికి దిగువ బర్మాలోని ప్రధానమైన పదమూడు వరిపంట మండలములలో సాగుభూమి యందు నాల్గవవంతు ఒక సముదాయము చేతిలో నుండెను. రెండవ సముదాయము రంగూను రేవులో బస్తాలు మోయుచునే యుండెను.

ఈ భేదమునకు కులవృత్తియో, జాతిస్వభావమో కారణమని చెప్పుట సులభము. కాని ఆ సమాధానము విషయమును వివరింపదు. ఉన్నదానికి వేఱొక పేరు పెట్టును. రెండు సముదాయముల జీవనమును ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఇరువురి స్థితిని నిర్ణయించినది ఋణమే యని తోచుచున్నది. ఒకరు అప్పు ఇచ్చుటకు సంఘటితులై పోయిరి. ఒకరు అప్పులో చిక్కి పోయిరి. ఆ రెండు సంబంధముల నిర్మాణమును పరిశీలించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

1. పేర్లు

బర్మాలో తెలుగువారికి ‘కోరంగీలు’ అను పేరు స్థిరపడెను. గోదావరీ ముఖమున గల కోరంగి రేవునుబట్టి వచ్చిన పేరిది. ఒకప్పుడు పెద్ద నౌకలకు ఆశ్రయమైన ఈ రేవు 1789 లోను, 1839 లోను వచ్చిన ఉప్పెనల వలనను, ఒండ్రు మేట వేయుట వలనను క్షీణించెను. బర్మాకు శ్రామికులు వెల్లువగా పోవు కాలమునకు పొగయోడలు కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము మొదలగు రేవులనుండియే బయలుదేరుచుండెను. రేవు పోయినను దాని పేరు మాత్రము సముద్రమునకు ఆవలి తీరమున మనుష్యులకు అంటుకొని నిలిచెను. శ్రీకాకుళము పల్లెలనుండి వచ్చినవాడును అచట కోరంగీయే.

చెట్టియార్లను బర్మీయులు ‘చిట్టీ’ అని పిలిచిరి. ఇది చెట్టి శబ్దభవమే. ఒక సముదాయమునకు ఓడ యెక్కిన చోటు పేరైనది; రెండవదానికి చేయు వ్యాపారము పేరైనది. భారతీయులందఱికిని సమానముగా వాడబడిన ‘కలా’ అను బర్మీయ పదము ఈ రెండు భేదములను కప్పివేసెను. తెలుగుదేశములో మాత్రము రంగూనునకు ‘రంగము’ అనియే వ్యవహారము. కళింగాంధ్ర పల్లెలలో ‘రంగము పోవుట’ యనగా కూలికి దేశాంతరము పోవుటయే యని రూఢియయ్యెను.

2. బర్మాకు పోవుటకు కారణములు

1826, 1852, 1885 సంవత్సరములలో ముగిసిన మూడు యుద్ధములచే బర్మా బ్రిటిషువారి వశమై, 1937 ఏప్రిలు 1 వరకు భారతదేశములో ఒక రాష్ట్రముగా నుండెను. 1869 లో సూయజు కాలువ తెఱవబడిన పిదప ఐరోపాకు బియ్యము ఎగుమతి మిక్కిలి పెరిగెను. 1850 ప్రాంతమున దిగువ బర్మాలో పది లక్షల యెకరములకు మించని వరిసాగు 1930 నాటికి ఎనుబది లక్షల యెకరములను దాటెను. అడవిని కొట్టి పొలము చేయుటకు బర్మీయ రైతునకు పెట్టుబడి కావలెను. పండిన ధాన్యమును దంచి ఓడకెత్తుటకు మిల్లులకును రేవునకును కూలీలు కావలెను. మొదటి కొఱతను చెట్టియారు తీర్చెను. రెండవదానిని కోరంగీ తీర్చెను. మిల్లులు, ఓడలు, విదేశవాణిజ్యము మాత్రము ప్రధానముగా స్టీలు బ్రదర్సు వంటి బ్రిటిషు కంపెనీల చేతిలో నుండెను. కావున ఈ రెండు సముదాయములును ఇతరులు కట్టిన యంత్రములోని రెండు చక్రములే యని మఱువరాదు.

3. చెట్టియార్ల ఋణవ్యవస్థ

చెట్టియారు ఒంటరిగా పోలేదు. అతనితో ఒక సంస్థ పోయెను. చెట్టినాడులోని యజమాని జీతముపై ఏజంటును నియమించి సామాన్యముగా మూడేండ్ల గడువునకు పంపుచుండెను. జీతములో కొంత భాగము ముందుగనే చెల్లింపబడుచుండెను. గడువు ముగిసిన పిదప లాభములో వంతు లభించుచుండెను. బాలురు చిన్నతనముననే దుకాణములో చేరి లెక్కలు, ఉత్తర ప్రత్యుత్తరములు, హుండీల మర్మము నేర్చుచుండిరి. ఒక సంస్థ మఱియొక సంస్థకు అప్పిచ్చుటకు వలసిన వడ్డీ రంగూను మొగలువీథిలోని దేవాలయమున అందఱు కూడి నిర్ణయించుకొనుచుండిరి. దీనినే ‘నడప్పు వట్టి’ యందురు. కులము, దేవాలయము, బ్యాంకు ఈ మూడును ఇచట వేఱువేఱు కావు.

బర్మా బ్యాంకింగు విచారణసంఘము 1929-30 లో వేసిన అంచనా ప్రకారము అప్పుడు బర్మాలో సుమారు 1,650 చెట్టియారు సంస్థలు ఉండెను. వాని పెట్టుబడి 75 కోట్ల రూపాయలు. అందు మూడింట రెండు వంతులు వ్యవసాయఋణములే. ఐరోపా బ్యాంకులు రైతు ముఖము చూడని కాలమున అతనికి దొరకిన పెట్టుబడి ప్రధానముగా ఇదియే. బర్మీయ వడ్డీవర్తకులకంటె చెట్టియార్లు తక్కువ వడ్డీకే ఇచ్చుచుండిరని కూడ గమనింపవలెను.

భూస్వామ్యము వారి మొదటి కోరిక కాదు. తిరిగి వచ్చు రొక్కమే వారి వ్యాపారమునకు ప్రాణము. కాని 1930 చివర ధాన్యపు ధర సగమునకు దిగువకు పడిపోగా రైతు వడ్డీ సైతము చెల్లింపలేకపోయెను. తాకట్టు భూములు ఋణదాతల పరమయ్యెను. పైన చెప్పిన పదమూడు మండలములలో 1930 లో నూటికి 6 వంతులైన చెట్టియార్ల భూమి 1937 నాటికి నూటికి 25 వంతులయ్యెను. లెక్కలో ఇది సంపద. వ్యాపారదృష్టిచే కదలక నిలిచిపోయిన పెట్టుబడి. బర్మీయ రైతు దృష్టిలో పితృభూమి పరాధీనమగుట. ఒకే సంఖ్యకు ఈ మూడు అర్థములును కలవు.

4. తెలుగు శ్రామికుల ఋణబంధము

తెలుగు కూలీయును ఒక వ్యవస్థలోనే పోయెను. కాని అది అతనిది కాదు. పల్లెకు వచ్చిన మేస్త్రి బయానా ఇచ్చి, ఓడకూలి కట్టి, ముఠాగా జనమును తీసికొనిపోవుచుండెను. మేస్త్రి అను పదము పోర్చుగీసు భాషనుండి వచ్చి దక్షిణ భారతీయ భాషలన్నిటిలో పనివారల పెద్ద అను అర్థమున వ్యాపించినది. బర్మాలో దానికి ఋణదాత యను అర్థము కూడ కలిసెను. యజమానికిని కూలీకిని నేరుగా సంబంధము లేదు. పెద్ద కంట్రాక్టరు, అతని క్రింద మేస్త్రి, వాని క్రింద ముఠామేస్త్రి. ప్రతి మెట్టునను కూలిలో కొంత తఱిగిపోవుచుండెను. పని దొరకని దినములలో తిండికి మరల మేస్త్రి వద్దనే అప్పు. 1931 నాటి రాయలు కార్మిక సంఘపు నివేదికయు, 1933 లో వెలువడిన ఆండ్రూ గ్రంథమును ఈ పద్ధతినే ప్రధానదోషముగా ఎత్తిచూపినవి.

1931 జనాభా లెక్కలలో బర్మాయందలి భారతీయులు పది లక్షలకు పైబడిరి. తెలుగువారు లక్షన్నరకు మించిరి. రంగూను జనసంఖ్య నాలుగు లక్షలు కాగా అందు సగమునకు పైగా భారతీయులే. రేవు, బియ్యపు మిల్లులు, రిక్షాలు, మునిసిపాలిటీ పారిశుద్ధ్యము ఇవి తెలుగువారి ప్రధానవృత్తులు. పంటకాలమున మిల్లుపనికై వచ్చి మరలిపోవువారు కొందఱు. రెండు మూడేండ్లుండి పోవువారు కొందఱు. గుమాస్తాలు, ఉపాధ్యాయులు, చిల్లర వర్తకులగు తెలుగువారును ఉండిరి కాని వారు కొద్దిమంది.

5. సాంఘిక జీవనమున సామ్యభేదములు

ఒక విషయమున రెండు సముదాయములును సమానమే. రెండింటను పురుషులే అత్యధికులు. చెట్టియారు ఏజంటు భార్యాబిడ్డలను చెట్టినాడులోనే విడిచి వచ్చుచుండెను, కూలీయును అట్లే. ఉభయుల ఇండ్లును సముద్రమునకు ఈవలనే ఉండెను. కాని తిరిగివచ్చుటయందు భేదము కలదు. ఏజంటు మరలిరాక ఒడంబడికలో వ్రాయబడిన విషయము. వాని స్థానమున మఱియొకడు వచ్చును, ఖాతా నిలుచును. కూలీ మరలిరాక మేస్త్రి లెక్క తీరుటపై ఆధారపడియుండెను. అతడు రోగియైనను, మరణించినను ఆ అప్పు ఇంటివారిని వెంటాడెడిది.

వసతియందును ఇట్లే. చెట్టియార్లు దుకాణమునకు చేరికగా సామూహికముగా భోజనవసతులు ఏర్పరచుకొని, దేవాలయమును కేంద్రముగా నుంచుకొని జీవించిరి. కూలీలు బసయిండ్లలో క్రిక్కిఱిసి పడుకొనుచుండిరి. రంగూనులోని ఈ బసయిండ్ల స్థితి విచారణసంఘముల దృష్టిని పలుమాఱు ఆకర్షించినది. విద్యయందు అంతరము మఱింత స్పష్టము. లెక్క వ్రాయగలుగుట చెట్టియారు బాలునికి జీవనాధారము. కూలీలలో చాలమందికి తమ పేరిట మేస్త్రి వ్రాసిన లెక్కను చదువుటకైనను శక్తి లేదు. ఋణపత్రమును వ్రాయువాడు, చదువలేనివాడు అను భేదము ఆర్థికభేదమునకు ఫలమే కాదు, కారణము కూడ.

ఆర్జనము స్వదేశమున తీసికొన్న రూపములును పరిశీలింపదగినవి. బర్మా టేకుతో కట్టిన చెట్టినాడు మేడలు, దేవాలయ జీర్ణోద్ధరణములు, 1929 లో అణ్ణామలై చెట్టియారు చిదంబరమున నెలకొల్పిన విశ్వవిద్యాలయము ఒక రూపము. కళింగాంధ్ర పల్లెలకు మనియార్డరులుగా వచ్చిన చిల్లర మొత్తములు రెండవ రూపము. ఇవి పాత అప్పు తీర్చుటకును, పెండ్లికిని, ఎక్కడనో ఒక చెక్క భూమికిని వ్యయమయ్యెను. ఒకటి చరిత్రలో కట్టడమై నిలిచెను; ఒకటి సంసారములలో కరిగిపోయెను.

6. 1930 నాటి కలహము

1930 మే నెలలో రంగూను రేవులోని తెలుగు కూలీలు కూలి పెంపుకొఱకు సమ్మె చేసిరి. కంట్రాక్టర్లు వారికి బదులు బర్మీయులను పనికి పిలిచిరి. కొన్నాళ్లకు తెలుగువారితో రాజీ కుదిరి, బర్మీయులు పనినుండి త్రోసివేయబడగా మే 26 న కలహము చెలరేగెను. నూఱుమందికి పైగా మరణించిరి. అందు అధికులు తెలుగు కూలీలు. ఆ తరువాత రేవుపనిలో బర్మీయులకును భాగము కల్పింపబడెను.

ఈ కలహమునకు హేతువు వడ్డీ కాదు, పని. అయినను రెండు సముదాయముల చరిత్రలు ఇచటనే కలియుచున్నవి. అప్పులలో పొలము పోగొట్టుకొన్న బర్మీయుడు పట్టణమునకు వచ్చి కూలి వెదకెను. అచట అతనికి ఎదురైనవాడు కోరంగీ. పొలముపై తాకట్టు పట్టిన చేయి వేఱు. రేవులో ఎదురుపడిన చేయి వేఱు. రెండును ‘కలా’ చేతులే యని వీథి భావించెను. బర్మాను చక్కగ నెఱిగిన ఫర్నివాలు ఇట్టి సంఘమును బహుళసంఘమని పేర్కొని, అందలి జాతులు అంగడిలో మాత్రమే కలిసికొనునని ప్రతిపాదించెను. ఈ సందర్భమున దానికి ఒక మాట చేర్చవలసియున్నది. కోరంగీయు చెట్టియారును అంగడిలోనైనను అరుదుగనే కలిసికొనిరి. అయినను ఒకరి లాభమువలన కలిగిన క్రోధము రెండవవారి శరీరముపై పడుటకు ఆ పరిచయము అవసరము కాలేదు.

7. నిష్క్రమణము

1941 డిసెంబరు 23 న జపాను విమానములు రంగూనుపై బాంబులు వేసినవి. 1942 మార్చిలో నగరము పతనమయ్యెను. నాలుగైదు లక్షల భారతీయులు బర్మాను విడిచిరి. చేతిలో ధనమున్నవారికి ఓడలలోను, విమానములలోను చోటు దొరకెను. లేనివారు అరకాను, మణిపురము, హుకాంగు లోయల మార్గమున నడచిరి. వేలకొలది జనము దారిలో ఆకలిచేతను, కలరా, మలేరియాలచేతను మరణించిరి. ఋణవ్యవస్థ ఏర్పరచిన అంతరము ప్రాణాపాయకాలమున సైతము తొలగలేదు.

స్వతంత్ర బర్మా 1948 లో భూమిని జాతీయము చేయగా చెట్టియార్ల భూములు ప్రభుత్వపరమయ్యెను. 1962 లో సైనికప్రభుత్వము ఏర్పడి, వ్యాపారములను జాతీయము చేసి, 1964 లో పెద్ద నోట్లను రద్దుచేయగా మిగిలినవారిలో అధికులు తిరిగివచ్చిరి. విశాఖపట్టణములోని బర్మా క్యాంపు, చెన్నపట్టణములోని బర్మా బజారు ఆ రాకకు గుర్తులు. చెట్టియార్లు అంతకుముందే తమ పెట్టుబడిలో కొంత మలయా, సింహళములకును, మద్రాసు పరిశ్రమలకును మఱలించియుండిరి. కూలీకి మఱలించుటకు శరీరము తప్ప పెట్టుబడి లేదు.

8. నిర్ణయములు

పై పరిశీలనమువలన మూడు విషయములు తేలుచున్నవి. మొదటిది: వలస సముదాయముల అంతరమును స్వభావమునుబట్టి కాక, అవి ఎట్టి సంస్థలతో పోయినవో దానినిబట్టి నిర్ణయింపవలెను. చెట్టియారు నష్టమును సంస్థ పంచుకొనెను. కూలీ నష్టము వానిదే. రెండవది: ‘భారతీయులు’ అను జనాభా లెక్కల శీర్షిక సత్యమే యైనను చాలదు. ఆ శీర్షిక క్రింద ఋణదాతయు, ఋణగ్రస్తుడును ఒకే పంక్తిలో నిలిచిరి. రాజకీయ వాదములు తఱచుగా ఆ పంక్తినే చదివినవి. మూడవది: వ్రాతగల సముదాయము తన చరిత్రను ఖాతాలలో భద్రపఱచుకొనినది. వ్రాతలేని సముదాయపు చరిత్ర ‘రంగము’, ‘కోరంగీ’, ‘మేస్త్రి’ వంటి పదములలోను, కళింగాంధ్రపు వృద్ధుల నోటి మాటలలోను, మయన్మారులో నేటికిని మిగిలిన తెలుగు కుటుంబముల వ్యవహారములోను మాత్రమే కలదు. ఆర్థికచరిత్రకారునికి అందని ఈ ఆధారములను సేకరించుట భాషాపండితుల కర్తవ్యము. కాలము గడచినకొలది చెప్పువారు తఱుగుచున్నారు గనుక ఆ పని వాయిదాకు లోబడునది కాదు.