నీతిమంతుడుగా తీర్చబడుట

కోయంబత్తూరు, మధుర ప్రాంతములలోని మన తెలుగు ఇండ్లలో పెరుగు పిల్లలకు ‘నీతి’ యను మాట రెండు అర్థములతో చెవిని బడుచుండును. ఇంట అవ్వ నీతి యనినచో మంచి నడవడి. నీతికథ, నీతిపద్యము అను మాటలలో నున్నది ఆ యర్థమే. వీధిలోనికి పోయినచో తమిళమున అది న్యాయస్థానపు మాట. నీతిమన్ఱమనగా కోర్టు, నీతిపతి యనగా న్యాయాధిపతి. మధురలో 1529 ప్రాంతము మొదలు 1736 వరకు సాగిన నాయకరాజుల యేలుబడిలోను, దానికి ముందువెనుకలను వచ్చి యిచ్చట నిలిచిన కుటుంబముల వారమగుటచే మనకు రెండర్థములును సహజములే. క్రైస్తవ మతములోని ముఖ్య సిద్ధాంత మొకటి బోధపడవలెనన్న ఈ రెండును కావలెను. ఈ విషయమున తెలుగుసీమ విద్యార్థి కంటె మనకే సౌకర్య మెక్కువయని నా తలంపు.

పౌలు అపొస్తలుడు క్రీ.శ. 57 ప్రాంతమున రోమా నగరపు క్రైస్తవులకు వ్రాసిన పత్రికలో ఈ సిద్ధాంతము విస్తారముగా నున్నది. మనుష్యులందరును పాపము చేసినవారే. ధర్మశాస్త్రమును పూర్తిగా ఆచరించి దేవుని యెదుట నిర్దోషినని నిలువగలవాడు లేడు. అయినను క్రీస్తునందు నమ్మిక యుంచినవానిని దేవుడు నీతిమంతునిగా నెంచును. ‘ఎంచుట’ యని తెలుగు బైబిలులో నున్నచోట గ్రీకు మూలమున లెక్కలు వ్రాయువారు వాడెడి మాట యున్నది. అబ్రాహాము ఏ క్రియయు చూపకమునుపే అతని నమ్మిక అతని పద్దున నీతిగా జమ కట్టబడినదని పౌలు వాదము. అంగడి చిట్టా చూచినవారికి దీనిని వివరింప నక్కరలేదు. పనికి ముట్టిన కూలి వేరు, దయతో వేసిన జమ వేరు.

అయినచో చేసిన పాపము మాటయేమి? నేరస్థుని ఊరక విడిచిపెట్టు న్యాయాధిపతిని న్యాయవంతుడందుమా? ఈ ప్రశ్నకు సమాధానముగా వచ్చునదే ప్రాయశ్చిత్తము. యూదుల లేవీయకాండము 16వ అధ్యాయమున ఒక ఆచారము చెప్పబడినది. సంవత్సరమున కొకమారు ప్రధానయాజకుడు రెండు మేకపోతులను తెచ్చి, యొకదానిని బలియిచ్చి, దాని రక్తమును గర్భాలయమునకు గొనిపోవును. రెండవదాని తలపై చేతులుంచి ప్రజల పాపములను ఒప్పుకొని, దానిని అడవికి తోలించును. ఏటేట జరిగిన ఈ కార్యము క్రీస్తు మరణముతో ఒక్కమారే, సర్వకాలములకును ముగిసినదని క్రైస్తవుల విశ్వాసము.

ఇచ్చట తెలుగు మాటతో కొంత చిక్కు కలదు. మన ధర్మశాస్త్రములలో ప్రాయశ్చిత్తమును చేయువాడు పాపియే. చాంద్రాయణ వ్రతమున అతడు కృష్ణపక్షమున దినమున కొక్కొక్క ముద్ద తగ్గించి, శుక్లపక్షమున ఒక్కొక్కటి పెంచుకొని భుజింపవలెను. క్రైస్తవ సిద్ధాంతమున మాట అదే, కర్త మారినాడు. పాపి చేయలేనిదానిని మరియొకడు చేసినాడు. తమిళ బైబిలులోని ‘పావనివృత్తి’ యను మాట పాపము తొలగుటను మాత్రమే చెప్పును గనుక ఈ భ్రాంతికి చోటీయదు. ఈ యొక్కచోట తమిళమే మేలు.

కాని క్రియాపదమునకు వచ్చునప్పటికి తెలుగుదే పైచేయి. తమిళములో ‘నీతిమాన్‌గళాక్కప్పట్టు’ అని యుండును. అనగా నీతిమంతులుగా చేయబడి. తెలుగులో ‘తీర్చబడి’ యని యున్నది. మనము అప్పు తీర్చుదుము, తగవు తీర్చుదుము, ముగ్గును తీర్చుదుము. ఋణము చెల్లుట, తీర్పు వెలువడుట, రూపు దిద్దుకొనుట, ఈ మూడును ఒక్క ధాతువున నిమిడియున్నవి. ఐరోపాలో క్రైస్తవులను రెండుగా చీల్చిన వివాదములో ముఖ్యమైన దిదియే. లూథరు పక్షమువారు ఇది దేవుని తీర్పు అనిరి: మనుష్యుడింకను పాపియై యుండగానే క్రీస్తును బట్టి నీతిమంతుడని ప్రకటింపబడును. 1547లో ట్రెంటు మహాసభ యందు రోమను కాథలికులు, అది క్షమాపణ మాత్రమే కాదు, అంతరంగము నూతనముగా దిద్దబడుటయు నని నిర్ణయించిరి. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గు నగరమున లూథరను సంఘముల సమాఖ్యయు, కాథలిక్కు సంఘమును ఒక ఒడంబడికపై సంతకములు చేసి, పూర్వపు ఖండనలు అందు వివరింపబడిన బోధలకు తగులవని ఒప్పుకొనినవి. నాలుగున్నర శతాబ్దములు పట్టినది!

మన ప్రాంతమునకు ఈ రెండు బోధలును వేర్వేరుగా వచ్చినవి. 1606లో మధురకు వచ్చిన రాబర్టు డి నొబిలి కాథలిక్కు. అతనికి సంస్కృతము నేర్పినవాడు శివధర్ముడను తెలుగు బ్రాహ్మణుడు. ప్రొటెస్టెంటులలో లండను మిషనువారు 1830లో కోయంబత్తూరునను, అమెరికన్ మిషనువారు 1834లో మధురయందును పని మొదలుపెట్టిరి.

వైష్ణవ గృహముల విద్యార్థులకు ఈ తగవు క్రొత్తగా తోచదు. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకొనును. పిల్లికూనను తల్లియే నోట కరచుకొని పోవును. జీవునికి శరణాగతిలో తన వంతు ప్రయత్నము కలదా లేదా యని వడగలై, తెంగలై వారు ఈ ఉపమానములతోనే వాదించిరి. లూథరు పిల్లికూన పక్షమని చెప్పవచ్చును. అయితే పోలిక అంతవరకే. ప్రపత్తిలో మరియొకరు ప్రాణమిచ్చి ఋణము తీర్చుట యను భావము లేదు. క్రైస్తవునికి అదియే పునాది.

క్రియలవలన నీతి లేనిచో ఎవడును అతిశయించుటకు వీలులేదని పౌలు ముగించెను. ఈ మాట వినుట సులభము. జన్మచే కలిగిన గౌరవమును విడుచుట అంత సులభము కాదు. నొబిలి తన శిష్యులను కులాచారములు మానుమని కోరలేదు. రెండువందల సంవత్సరములు దాటిన పిమ్మట మధుర అమెరికన్ మిషనువారు, కులభేదము లేక అందరును కలిసి భుజింపవలెనని పట్టుబట్టినప్పుడు, విశ్వాసమూలమైన నీతిని ఊరూర బోధించుచుండిన ఉపదేశులలోనే పలువురు ఆ పంక్తిని కూర్చుండుటకు ఒప్పుకొనక పనిని పోగొట్టుకొనిరి.