స్త్రీలకు వోటు: ఆస్తిని బట్టియా, వ్యక్తిని బట్టియా?

వోటనగా నేమి? రాజ్యవ్యవహారములలో నాకును ఒక యభిప్రాయము కలదు, దానిని లెక్కింపవలసినదే యని చెప్పగల యధికారమే వోటు. ఈ యధికారము మన దేశమున స్త్రీల కెట్లు లభించెనో, నల్లగొండ, మహబూబునగరము జిల్లాల సోదరీమణుల కెప్పుడు చేరెనో విచారింతము.

1917లో మదరాసునందలి అడయారున భారత మహిళా సంఘము స్థాపింపబడెను. ఆ యేటనే డిసెంబరు 18వ తేదీన సరోజినీ నాయుడుగారి నాయకత్వమున స్త్రీల ప్రతినిధివర్గము మదరాసులో ఇండియామంత్రి మాంటేగును దర్శించి, పురుషులతోపాటు స్త్రీలకును వోటు నొసగవలెనని కోరెను. 1919 నాటి చట్టము ఆ కోరికను తీర్పక, నిర్ణయమును రాష్ట్ర శాసనసభలకు విడిచెను. 1921లో బ్రిటిషు ఇండియా రాష్ట్రములన్నింటికంటె ముందుగా మదరాసు శాసనసభ స్త్రీలకు వోటు నంగీకరించెను.

అయినను ఆ వోటు ఆస్తిని, పన్నును బట్టి వచ్చునది. స్త్రీని ఆస్తికి దూరముగా నుంచిన సంఘమున ఆస్తిని బట్టి వోటిచ్చుట, ఒక చేత నిచ్చి వేఱొక చేత గైకొనుటయే కదా! 1935 నాటి చట్టము అక్షరజ్ఞానమును, భర్త ఆస్తిని గూడ అర్హతలుగా జేర్చి, సుమారు 60 లక్షల స్త్రీలకు వోటు గలిగించెను. కాని మహిళా సంఘములు భర్తను బట్టి వచ్చు వోటు నొప్పుకొనక, వయస్సు వచ్చిన ప్రతివ్యక్తికిని వోటు కావలెనని పట్టుబట్టెను. భార్య యగుటచే గాక, మనుష్యురా లగుటచే హక్కు గలుగవలె నన్నదే వారి వాదము.

సరోజినీదేవిగారు పుట్టిన హైదరాబాదు రాజ్యమున స్థితి వేఱు. నిజాము పాలనలో పురుషులకే బాధ్యతాయుత ప్రభుత్వము లేదు. ఇక స్త్రీల మాట చెప్పనేల? అయినను మన స్త్రీలు ఊరకుండలేదు. 1930లో జోగిపేటయందు ఆంధ్రమహాసభతో గూడ మహిళాసభయు జరిగెను. 1931లో నల్లగొండ జిల్లా దేవరకొండయందును, 1936లో మహబూబునగరము జిల్లా షాద్‌నగరమందును స్త్రీలు మరల సమావేశమైరి. వోటు లేని యా స్త్రీలు అధ్యక్షపీఠము నలంకరించి, తీర్మానములు ప్రతిపాదించి, బలపఱచి, ఆమోదించిరి. హక్కు రాకమున్నే హక్కును వినియోగించు విధమును అభ్యసించిరి.

1948లో హైదరాబాదు భారతదేశమున గలిసెను. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు 326వ అధికరణము ఇరువదియొక యేండ్లు నిండిన వారందఱికిని వోటు నొసగెను. దేశముఖుగారి యిల్లాలికిని, ఆయన పొలమున నాట్లువేయు కూలికిని ఒక్కటే వోటు! తొలి యెన్నికలలో చదువు రానివారి సౌకర్యమునకై ప్రతి యభ్యర్థికిని గుర్తుగల వేఱువేఱు పెట్టెల నుంచిరి. 1952లో నాటి నల్లగొండ జిల్లాయందలి ఆలేరునుండి ఆరుట్ల కమలాదేవిగారు శాసనసభ కెన్నికైరి.

“ఇల్లాలు భర్త చెప్పినవారికే వేయును, ఒకయింట రెండు వోట్లేల?” యని కొంద ఱాక్షేపింతురు. వోటు రహస్యముగా నిచ్చునది. తెరచాటున భర్తయు లేడు, మామయు లేడు. ఆమెయు, ఆమె మనస్సాక్షియు మాత్రమే కలవు. భర్త మాటనే యామె మన్నించిన మన్నించుగాక. అదియు నామె నిర్ణయమే.

అయిన నొక యాటంకము మిగిలెను. ఆ తొలి యెన్నికల పట్టికలు వ్రాయునపుడు, ముఖ్యముగా ఉత్తరదేశమున, అనేక స్త్రీలు తమ పేరు చెప్పక “ఫలానావాని భార్యను, ఫలానావాని తల్లిని” అనిరి. అట్టివారు సుమారు 28 లక్షలమంది వోటు గోల్పోయిరి. చట్ట మిచ్చిన దానిని సంకోచము హరించెను.

1989 నుండి వోటునకు పదునెనిమి దేండ్లే చాలును. గృహయజమానులారా! మీ యింట ఆ వయస్సు నిండిన ప్రతి స్త్రీయు పట్టికలో తన పేరు తానే చూచుకొనునట్లు చేయుడు. సోదరీమణులారా! అడిగినవారికి మీ పేరు మీరే చెప్పుడు.