రెండు పుస్తకములు

ఒక పల్లెలో ఇద్దరు మాటలాడుకొనుచున్నారనుకొందము. "ఏమి చేయవలెనో నాకు పాలుపోలేదు" అని ఒకడనెను. "దుత్త ఒరిగినది గాని పాలు పోలేదు" అని రెండవవాడనెను. రెండు వాక్యముల చివరను చెవినిపడు ధ్వని ఒక్కటే. అయినను మొదటివానికి ఉపాయము తోచలేదనియు, రెండవవాని యింట పాలు నేలపాలు కాలేదనియు వినువారు వెంటనే గ్రహింతురు. కర్నూలు, కడప సీమలలో జొన్నచేని గట్టున ఆడుకొను పసివాడు సైతము ఈ భేదమును సునాయాసముగా తెలిసికొనును. వాడు సంధిసూత్రములు చదివినవాడు కాడు. మరి ధ్వని ఒక్కటియే యైనప్పుడు అర్థములు రెండెట్లు తెలిసినవి?

ఈ ప్రశ్నకు ఏ శాస్త్రమువారు బదులు చెప్పవలెను? ధ్వని గాలిలో తరంగమై వచ్చును. అది భౌతికశాస్త్రజ్ఞుని విషయము. చెవిలో అది నాడీస్పందనముగా మారును. అది జీవశాస్త్రజ్ఞుని విషయము. ఆ స్పందనములను లెక్కకట్టుట గణితజ్ఞుని పని. మాటకు అర్థము పొసగు తీరును భాషావేత్త విచారించును. వీరిలో ఏ ఒక్కరును తమ హద్దులోనే నిలిచి ఈ చిక్కును విప్పజాలరు.

హద్దు దాటినవారు లేకపోలేదు. బుడాపెస్టు నగరమున టెలిఫోను పరిశోధనశాలలో పనిచేసిన జార్జి బెకెషీ భౌతికశాస్త్రము చదివినవాడు. ఆయన మనుష్యుని చెవిని పరిశోధించెను. లోపలి చెవిలో నత్తగుల్లవలె చుట్టుకొనియున్న కర్ణావర్తమున ఒక పలుచని పొర కలదు. కీచుధ్వని ఆ పొరను మొదటి భాగమునను, గంభీరధ్వని చివరి భాగమునను అధికముగా కదలించునని ఆయన చూపెను. 1961లో ఈ భౌతికశాస్త్రజ్ఞునకు వైద్యశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. అంతకుముందే, 1952లో, హాడ్జికిన్, హక్స్‌లీ అను ఇంగ్లండు శాస్త్రజ్ఞులు నాడిలో విద్యుత్స్పందనము ప్రసరించు తీరును గణిత సమీకరణములలో వ్రాసిరి. ఆనాడు కేంబ్రిడ్జిలోని కంప్యూటరు అందుబాటులో లేనందున, హక్స్‌లీ చేతితో త్రిప్పు యంత్రముపై ఆ లెక్కలన్నియు చేసెను.

మాట వినుట యనెడి ఈ చిక్కునే కంప్యూటరు వైపునుండి పట్టుకొన్నవారు రాయలసీమలో పుట్టిన దబ్బాల రాజగోపాల రెడ్డిగారు. లోకము వారిని రాజ్ రెడ్డి యని ఎరుగును. వారు 1937లో నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరున రైతు కుటుంబమున జన్మించిరి. ఆ యింట కళాశాల మెట్లెక్కిన మొదటివారు వారే. 1958లో మద్రాసు గిండీ కళాశాలలో సివిల్ ఇంజనీరింగు పట్టమును పొందిరి. కట్టడముల విద్య నేర్చినవారు అంతటితో తృప్తిపడక, మరల కొత్త విద్యలో శిష్యులై కూర్చుండిరి. మాటల ధ్వనితరంగమును కంప్యూటరుచే గుర్తింపజేయుటను గూర్చి పరిశోధించి, 1966లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొందిరి.

1969లో వారు పిట్స్‌బర్గు నగరమున కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు వెళ్లిరి. అచ్చట వారి బృందము నిర్మించిన హియర్సే యను విధానమును తెలిసికొనవలెనన్న, ఒక నల్లబల్ల చుట్టును పలువురు పండితులు చేరినట్లు భావింపుడు. ధ్వనుల నెరిగినవాడు తనకు వినబడిన అక్షరములను బల్లపై వ్రాయును. పదముల నెరిగినవాడు వానిని చూచి మాటను ఊహించును. వ్యాకరణ మెరిగినవాడు "ఇచ్చట ఆ మాట పొసగదు" అనును. సందర్భ మెరిగినవాడు అర్థమును నిర్ణయించును. ఒకని పొరపాటును మరియొకడు దిద్దును. ఈ పండితులందరును కంప్యూటరు ప్రోగ్రాములే. 1976 నాటికి ఆ బృందమువారి హార్పీ యను మరియొక విధానము 1,011 ఆంగ్లపదములను గుర్తింపగలిగెను. 1994లో రాజ్ రెడ్డిగారికి, ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిపి, కంప్యూటరు శాస్త్రమున మిక్కిలి గొప్పదైన ట్యూరింగ్ బహుమానము లభించెను.

అయితే యంత్రము వినినంత మాత్రమున మెదడు వినురీతి తెలిసినట్లు కాదు. అందుకు నాడీశాస్త్రమును, గణితమును, కంప్యూటరు విద్యను కలిపి నేర్చినవారు కావలెను. కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలో 1986లో ఇట్టి ఉన్నతవిద్య ఆరంభమయ్యెను. దానికి పూనుకొన్నవారిలో జాన్ హాప్‌ఫీల్డు అను భౌతికశాస్త్రజ్ఞుడు ముఖ్యుడు. పిట్స్‌బర్గులోని రెండు విశ్వవిద్యాలయములు 1994లో చేతులు కలిపి ఇట్టి కేంద్రమునే నెలకొల్పినవి. మన హైదరాబాదు విశ్వవిద్యాలయమునను నాడీ, సంజ్ఞాన శాస్త్రములకు ఒక కేంద్రము వెలసినది. ఇట్టి చదువులో భౌతికశాస్త్రమునుండి వచ్చినవాడు మెదడు నిర్మాణమును నేర్చును. జీవశాస్త్రమునుండి వచ్చినవాడు గణితమును, ప్రోగ్రాము వ్రాయుటను నేర్చును. ఇరువురికిని ఆరంభము కష్టమే. తన శాఖలో పండితుడనిపించుకొన్నవాడు పక్క శాఖలో ఓనమాలు దిద్దవలెను. అందుకు తెలివితో పాటు వినయమును కావలెను.

కర్నూలులో 1957లో వైద్యకళాశాల ఏర్పడెను. కడప జిల్లా ఇడుపులపాయలో, పల్లెల బాలబాలికలకు పదవ తరగతి పిమ్మట సాంకేతిక విద్య నేర్పుటకై 2008లో స్థాపింపబడిన విశ్వవిద్యాలయపు ప్రాంగణము కలదు. ఆ విశ్వవిద్యాలయమునకు రాజ్ రెడ్డిగారు కులపతిగా ఉండిరి. ఒకచోట నాడుల విద్య. మరియొకచోట కంప్యూటరు విద్య. పదవ తరగతి దాటగానే "లెక్కలా, జీవశాస్త్రమా?" అని పిల్లలను పెద్దలడుగుదురు. ఒకటి కోరుకొనగానే, రెండవదానితో ఇక పనిలేదని ఆ పుస్తకమును మూసివేయువారు పెక్కుమంది. అట్లు మూయ నక్కరలేదు. "పాలుపోలేదు" అన్న ఒక్క మాటను పసివాని మెదడు ఎట్లు గ్రహించుచున్నదో లోకమునకు ఇంకను పూర్తిగా తెలియలేదు. దానిని తెలిసికొనబోవువారికి ఆ రెండు పుస్తకములును కావలసియున్నవి.