జైలింక్స్ వాటాదారుల ప్రశ్నలు

చిరంజీవి సుజాతకు,

మామూలు చిప్పు ఏ పని చేయాలో ఫ్యాక్టరీలోనే ఖాయమైపోతుంది. ఎఫ్‌పీజీఏ అనే చిప్పు పనిని మాత్రం దాన్ని కొన్న ఇంజనీరు నిర్ణయిస్తాడు, అవసరమైతే మళ్లీ మారుస్తాడు. 1984లో సిలికాన్ వ్యాలీలో రాస్ ఫ్రీమన్, బెర్నార్డ్ వాండర్‌ష్మిట్, జేమ్స్ బార్నెట్ స్థాపించిన జైలింక్స్ 1985లో ఇలాంటి తొలి చిప్పును అమ్మకానికి తెచ్చింది. దాని పేరు ఎక్స్‌సి2064. అందులో ఉన్నవి 64 లాజిక్ బ్లాకులే.

కంపెనీకి ఫ్యాక్టరీ ఎక్కడుందని కొత్త వాటాదారు అడిగేవాడు. సొంత ఫ్యాక్టరీ లేదు. డిజైన్ జైలింక్స్‌ది, తయారీ ఇతరులది: మొదట జపాన్‌లోని సీకో, తర్వాతి కాలంలో తైవాన్‌లోని టీఎస్‌ఎంసీ వంటివి. అందువల్ల వేల కోట్ల పెట్టుబడి యంత్రాల్లో ఇరుక్కునేది కాదు. అయితే ఆ ఫ్యాక్టరీల్లో ఆర్డర్ల వరుస పెరిగితే సరుకు ఆలస్యమయ్యేది.

అసలు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: ఈ చిప్పును ఎవరు, ఎందుకు కొంటారు? సొంత చిప్పు చేయించుకునేంత సంఖ్యలో అమ్మకాలు లేనివారు, ప్రమాణాలు ఇంకా మారుతున్న రంగాలవారు. టెలికాం, రక్షణ రంగాలు ఇలాంటివే. అమ్మకాలు లక్షల్లోకి పెరిగితే అదే కొనుగోలుదారు చౌకగా పడే స్థిరమైన చిప్పుకు మారవచ్చు. జైలింక్స్ వార్షిక నివేదికలో ముందుగా చదవాల్సి వచ్చేది దీని గురించే.

విలీనం లెక్క చాలామందిని తికమకపెట్టింది. 2020 అక్టోబరులో జైలింక్స్‌ను కొంటున్నట్టు మరో చిప్పుల కంపెనీ ఏఎండీ ప్రకటించినప్పుడు ఆ కొనుగోలు విలువ 3,500 కోట్ల డాలర్లు. 2022 ఫిబ్రవరి 14న అది ముగిసేనాటికి దాదాపు 4,900 కోట్లు. ఖాయం చేసింది డబ్బు కాదు, నిష్పత్తి: ఒక జైలింక్స్ షేరుకు 1.7234 ఏఎండీ షేర్లు. ఏఎండీ షేరు పెరగడంతో మొత్తమూ పెరిగింది. 100 షేర్లున్నవారికి లెక్క ప్రకారం 172.34, అంటే 172 షేర్లు, మిగిలిన భిన్నానికి నగదు. పోటీ కంపెనీ ఆల్టెరాను 2015లో ఇంటెల్ కొన్నప్పుడు దాని వాటాదారులకు షేరుకు 54 డాలర్ల నగదు చేతికిచ్చి పంపింది. జైలింక్స్ వాటాదారు మాత్రం బయటికి రాలేదు, మరో కంపెనీకి యజమాని అయ్యాడు.

ఇక డివిడెండ్. జైలింక్స్ 2004 నుంచి ఇస్తూ వచ్చింది. ఏఎండీకి ఆ అలవాటు లేదు. ఆ మూడు నెలలకోసారి వచ్చే సొమ్ము మీద ఆధారపడినవారు కొత్త షేర్లు ఉంచుకోవాలా, అమ్మాలా అన్నది కొత్తగా లెక్క వేసుకోవాల్సి వచ్చింది.

ఆశీస్సులతో,
పెదనాన్న