నమ్మి చెడినవాళ్లకు తోడుండేవాడి నియమాలు

మా కర్నూలు, కడప పల్లెల్లో బోరు వేసే ముందు పాయింటు చూసేవాణ్ని పిలుస్తారు. అరచేతిలో కొబ్బరికాయ నిలబడితే ‘నీళ్లు ఖాయం’ అంటాడు. పడకపోతే అప్పు మాత్రం రైతుదే. మోసపోయిన మనసుకు ‘కోచింగ్’ ఇస్తామనే ప్రకటనలు చూస్తే నాకు ఆ కొబ్బరికాయే గుర్తొస్తుంది.

మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టు రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. కోచ్‌ అని బోర్డు పెట్టుకోవడానికి అది అక్కర్లేదు. కాబట్టి నియమాలు మనమే తెలుసుకోవాలి. హాస్టల్లో ఫ్రెండు బాధ వినే మనకూ ఇవే వర్తిస్తాయి.

1. హామీ వద్దు. ‘21 రోజుల్లో మర్చిపోతావ్’ అనడం కొబ్బరికాయ పట్టడమే.

2. గుట్టు దాచాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స పొందేవాళ్లకు గోప్యత హక్కు ఇచ్చింది. చట్టం మన గదిదాకా రాకపోవచ్చు. కానీ వాళ్ల స్క్రీన్‌షాట్ గ్రూపులో పడితే అది రెండో మోసం. ప్రాణం మీదికొస్తే మాత్రం దాచకూడదు. ఆ సంగతి ముందే చెప్పాలి.

3. తీర్పు మనది కాదు. క్షమించాలా, విడిపోవాలా అన్నది వాళ్లే తేల్చుకోవాలి.

4. వాళ్ల ఒంటరితనాన్ని వాడుకోకూడదు, డబ్బుకీ, ప్రేమకీ.

5. హద్దు తెలియాలి. తిండీ నిద్రా మానేసినా, చావు మాట ఎత్తినా మన సలహాలు చాలవు. కర్నూలు పెద్దాసుపత్రి, కడప రిమ్స్‌లలో మానసిక వైద్యులున్నారు. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

నమ్మించి గొంతు కోసినవాళ్లను చూశాక కూడా ఒకరు మన ముందు నోరు విప్పారంటే, మళ్లీ నమ్మడానికి ప్రయత్నిస్తున్నారన్నమాట. దాన్ని నిలబెట్టడమే మన పని.